రెండుసార్లు

కళింగపట్నంలో ఐస్ ఫ్యాక్టరీ మీద గది.
సాయంత్రం ఆరింటికి ఇంగ్లీషు.
కింద మోటారు ఆగితేగానీ
నా గ్రామరు ఎవరి చెవినా పడదు.

మొదటి వారమంతా ఆర్టికల్స్ దగ్గరే గడిచిపోయింది.
"ఏ ఏటి, ది ఏటి మేస్టారూ,
చేపంటే చేపే గదా" అన్నాడు డిల్లేశు.
బుట్టలో ఏదో ఒకటైతే ఏ ఫిష్,
నిన్న నువ్వు తూకంలో నొక్కేసింది ది ఫిష్ అన్నాను.
వాడు మళ్లీ ఆ తప్పు చెయ్యలేదు,
తూకం సంగతి తెలీదు.

డిస్కస్ పక్కన అబౌట్ ఎందుకూ, దండగ.
రిటర్న్ అన్నాక బ్యాక్ అనకండి,
ఒకే మనిషి రెండుసార్లు తిరిగొచ్చినట్టుంటుంది.
"మంచిదే గదా" అంది వెనక బెంచీ.

ఆ వెనక బెంచీ పేరు మైలపల్లి నూకరత్నం.
వెరావల్ బోటు ఓనరుకి తెలుగు రాదు,
ఈమెకి గుజరాతీ రాదు,
మధ్యలో నా ఇంగ్లీషు.
ఉప్పుచేప వాసన కొట్టే నోటుబుక్కులో
ఉత్తరం రాసుకొచ్చింది:
మై హజ్బెండ్ హేజ్ బీన్ టు వెరావల్.

ఎప్పుడొచ్చాడమ్మా?
రాలేదు. ఏడు నెల్లయింది. ఫోనూ లేదు.

ఎర్రపెన్ను మూత తీశాను.
బీన్ అంటే వెళ్లి వచ్చేసినట్టు,
గాన్ అంటే వెళ్లి ఇంకా రానట్టు.
గాన్ అని దిద్దుకో.

పెన్ను కేసి చూసింది,
మొండి కత్తిపీటని చూసినట్టు.
"బోటెక్కీవోడు ఎల్తానని అనడు బాబూ,
ఎల్లొస్తానంటాడు.
నాను ఎల్లిరా అన్నాను.
ఉత్తి ఎల్లాడని రాసీసి ఒగ్గీమంటారేటి?
సముద్రం ఇంటాది."

ఓనరు ఆయన ఇంటికొచ్చేశాడనుకుంటాడు,
నన్నెందుకు అడుగుతున్నారంటాడు,
ఉత్తరం చించి పారేస్తాడు, అన్నాను.
అన్నీ నిజాలే.
"అనుకోనియ్యండి.
ఒక్కడి నోటనైనా
ఒచ్చీసాడన్న మాట పడతాది."

మోటారు ఆగింది.
పాతికేళ్లుగా చెబుతున్న రూలు
గదిలో మరీ గట్టిగా వినబడింది.
పెన్ను మూత పెట్టేశాను.

ఓనరుకి అర్థం కావాలి కదా,
కింద ఇంకో వాక్యం రాసుకో అన్నాను.
అతను ఇంకా ఇల్లు చేరలేదని, ఒకటి.
తర్వాత,
ప్లీజ్ రిటర్న్ హిమ్ బ్యాక్.

డిల్లేశు తలెత్తాడు.
"మేస్టారూ, అది రెండుసార్లు గదా?"

నీ పని చూసుకోరా, అన్నాను.
నువ్వు రాయమ్మా.