పదిహేడో నంబరు మంచం

ఆయన పోయినప్పుడు రాత్రి రెండూ నలభై.
టైము రాశాను, సంతకం పెట్టాను,
తిన్నగా సాగిపోయిన ఈసీజీ గీతని కత్తిరించి
కేసుషీటుకి పిన్ను కొట్టాను.
అప్పుడు నాకొచ్చిన మొదటి ఆలోచన
మంచం ఖాళీ అయిందని.
కింద క్యాజువాల్టీలో స్ట్రెచర్ మీదున్న ముసలాయన్ని
ఇక పైకి తెచ్చుకోవచ్చని.

రెండో ఆలోచన రాలేదు.
దానికోసం కాసేపు నిలబడ్డాను కూడా,
లాడ్జి సెంటర్లో ఆఖరి బస్సు కోసం నిలబడ్డట్టు.

సత్తెనపల్లిలో మా వీధి మొగలో ఒకప్పుడు ఫ్లెక్సీ కట్టారు.
అందులో నా మొహం కంటే నా ర్యాంకు పెద్దది.
ఇప్పుడు గుంటూరు పెద్దాసుపత్రిలో హౌస్‌సర్జన్ని.
అంటే
వెచ్చగా ఉన్న రక్తం గొట్టాలు జేబులో వేసుకుని
మూడంతస్తులు దిగి ల్యాబుకి పరిగెత్తేదాన్ని.
లిఫ్టు శవాలకీ సిలిండర్లకీ.
స్టైపెండు మాత్రం మూడు నెలలుగా దారిలో ఉంది.

హెప్సిబా, నా రూమ్మేటు,
మొదటేడాది మా బల్ల మీది శవానికి
రాజారావు గారని పేరు పెట్టింది.
కత్తి పట్టుకునే ముందు రోజూ దణ్ణం పెట్టేది,
మేమంతా నవ్వినా.
ఆ హెప్సిబానే నిన్న ఫోన్ చేసి
"మీ తొమ్మిదికి యూరిన్ వచ్చిందా,
మా నాలుగు పోయేట్టుంది" అంది.
నాకేమీ తేడాగా అనిపించలేదు. వచ్చిందన్నాను.

పదిహేడు పేరు గోగుల ఏడుకొండలు.
ఇప్పుడే షీటు మీద చూసి చెబుతున్నాను.
యార్డులో ముప్ఫయ్యేళ్ళు టిక్కీలు మోసినవాడు.
పదకొండు రోజులు ఊపిరిని కూడా
బస్తా ఎత్తినట్టే ఎత్తాడు, దించాడు.
భార్య సామ్రాజ్యం
పగలంతా ఏటుకూరు రోడ్డులో మిరపకాయల ముచ్చికలు తీసి
రాత్రికి వచ్చి మంచం కింద పడుకునేది.
ఆమె రాగానే వార్డంతా తుమ్మేది.
"ఎప్పటికి తగ్గిద్దమ్మా?" అని రోజూ అదే ప్రశ్న.
ఆరో రోజునో ఏడో రోజునో
"నన్నేం చెయ్యమంటావ్, దేవుణ్ణడుగు" అన్నాను.
ఆమె తప్పు చేసినదాన్లా తల ఊపింది.

ఇంక రాయడానికి ఏముంది.
కాగితాల మీద వేలిముద్ర కావాలి.
ఆమె వేలు వణుకుతోంది, గీత పడటంలేదు.
గ్లవ్స్ నిన్ననే అయిపోయాయి.
ఒట్టి చేత్తో ఆ బొటనవేలు పట్టుకుని
ఇంకులో ముంచి, ఒత్తి, మళ్ళీ ఒత్తి
నాలుగు చోట్ల వేయించాను.
ఆమె ఏడవలేదు. నేనూ.
ఇద్దరం పని చేసుకుంటున్నట్టే ఉన్నాం.

తర్వాత నిద్ర ఆపుకోలేక కళ్ళు నలుపుకున్నాను.

అమ్మో.
ఆ వేళ్ళలో ఎన్ని క్వింటాళ్ళు నానిపోయాయో,
నిప్పు.
కన్నీళ్ళు, ముక్కు, గొంతు, అన్నీ ఒక్కసారే తెగాయి.
కారిడార్లో గోడ పట్టుకుని నిలబడిపోయాను.
సిస్టర్ జ్ఞానసుందరి నా వీపు మీద చెయ్యేసి
"మొదట్లో అట్లాగే ఉంటదమ్మా" అంది.
మొదట్లో కాదని చెప్పబోయాను.
ఏడవట్లేదని, మిరపకాయని చెప్పబోయాను.
చెప్పలేదు.
ఆ చెయ్యి తీసేస్తుందేమోనని.

దూరంగా సామ్రాజ్యం చూస్తోంది.
ఆమెకి మాత్రం తెలుసనుకుంటా.
"నీళ్ళతో కడగమాక తల్లే, ఎక్కువైద్ది.
కొబ్బరినూనె రాయి" అంది.
అని, మళ్ళీ మొగుడి కాళ్ళ వైపు తిరిగింది.

మూడున్నరకి ముసలాయన పైకొచ్చాడు.
అదే మంచం. దుప్పటి మార్చారు, అనుకుంటాను.

పొద్దున క్యాంటీన్లో
హెప్సిబా ఇడ్లీ తుంపుతూ, ఫోన్ చూసుకుంటూ
"మీ పదిహేడుకి ఎలా ఉంది?" అంది.

"ఏ పదిహేడుకి?"

ఆమె చెయ్యి పళ్ళెంలో ఆగింది.
నన్ను చూసింది, నా కన్ను చూసింది.
సాంబారు చల్లారుతోంది.
ఎనిమిదింటికి రౌండ్స్.