రొయ్యల ఆఫీసులో రాత్రి కాల్స్

ఆఫీసుకి తాళం వేసింది నేనే.
రెండుసార్లు లాగి చూశాను కూడా.
ఫిషింగ్ హార్బర్ ఉప్పుగాలికి
ఏటా తుప్పు పడుతుందా తాళం, ఏటా మారుస్తాం.

లోపల బల్ల మీద ఇంటర్నెట్ ఫోను.
పాస్‌వర్డు ఒకటి రెండు మూడు నాలుగు,
పెట్టెలోంచి తీసిన రోజు నుంచీ అదే.

డాల్ఫిన్‌నోస్ మీద లైట్‌హౌస్ కాపలా తిరుగుతుండగానే
ఎవరూ లేని గదిలోంచి
నాకు పేరు నోరు తిరగని దీవికి
నాలుగు వందల పదకొండు కాల్స్.
మాట్లాడింది ఎవరంటే, ఎవరూ లేరు.
మీటరు తిరిగింది.

బిల్లు చూసి ఓనరు బంగార్రాజు గారు
ఐసుపెట్టె మీదే కూలబడ్డారు,
పంచె తడుస్తున్నా తెలీలేదు.

అనకాపల్లి నుంచి నూకరాజు వచ్చాడు.
విదేశీ కాల్స్‌కి గొళ్లెం పెట్టాడు,
చాంతాడంత పాస్‌వర్డు పెట్టాడు.
"మాటనీ మూటగట్టి పంపాలండి,
దార్లో ఎవడూ విప్పకుండా" అన్నాడు,
టీ తాగి వెళ్లిపోయాడు.

మర్నాడు ఓనరు ఫొటోతో మెసేజి:
'మీటింగులో ఉన్నాను. ఈ అకౌంటుకి
రెండు లక్షలు వెయ్యమ్మా, అర్జెంటు.'

అమ్మా?
పదకొండేళ్లుగా ఆయన నోట నేను
'ఏటే సింహాచలం'నే.

లేచి, ఐసుగది తలుపు తోసి
"డబ్బులేమైనా అడిగారా?" అన్నాను.
పొగమంచులోంచి
"ఏటే?" అన్నారు.