పంకా కన్నం

సహకార బ్యాంకు లెక్కలు చూడ్డానికి నరసాపురం వచ్చి
ఈసారి లాడ్జిలో దిగలేదు.
వశిష్ఠ గట్టున కాలవల ఇంజనీరు పాత బంగళాని
హోటల్ చేశారంటే
ఒక్క రాత్రికేగా అని నా జేబులోంచే కట్టాను.

నాలుగో గది.
టేకు తలుపు తోస్తే ఏనుగు పడుకునేంత మంచం.
దోమతెర ఉంది, దోమలు లేవు.
అద్దాల బీరువా పొట్టలో ఫ్రిజ్ దాక్కుని గురకపెడుతోంది.
స్నానాలగదిలో ఇత్తడి గంగాళం,
దాని మీదికి వంగిన వేడినీళ్ల కుళాయి.
పొయ్యి లేదు, పొగ లేదు,
‘నీళ్లు కాగాయండీ’ అన్న కేక లేదు.
వంకాయ ఎండురొయ్యల కూర
బంగారు అంచు పింగాణీలో వచ్చింది.
సుఖమే. అబద్ధం ఎందుకు చెప్పాలి.

వరండా గోడకి ఫ్రేము కట్టిన కాగితం ఒకటి,
పాత జమాఖర్చుల పుస్తకంలోది.
వచ్చినవాళ్లు దాని పక్కన ఫొటోలు దిగుతారట.
నాకు కూడికలే కనిపించాయి.

లాంతర్లకి కిరసనాయిలు, మూడణాలు.
దొరగారి కుక్కకి మాంసం, నాలుగణాలు.
పంకా కూలి, రాత్రంతా, రెండణాలు.
దాని కెదురుగా సంతకం లేదు,
అలుక్కుపోయిన వేలిముద్ర.
అడుగున మొత్తం: పది అణాలు.
మూడుసార్లు కూడాను.
తొమ్మిదే.

గది చూపించడానికి వచ్చిన పెనుమాల సత్యానందాన్ని
గోడలో పైన ఆ కన్నం ఏమిటని అడిగాను.
“పంకా తాడు దూరేదండి అందులోంచి.
మా తాత గాబ్రియేలు అవతల వరండాలో పడుకుని
కాలి బొటనవేలికి కట్టుకుని లాగేవాడంట.
నిద్దట్లో కూడా కాలు ఆడేదంట.
పని మానేసి మా ఇంట్లో పడుకున్నా ఆడేదండి,
మా నాయనమ్మ ఆ కాలు పట్టుకుని నిద్రపోయేది.”
ఆ వేలిముద్ర ఆయనదేనా అన్నాను.
“ఏమోనండి, వేళ్లన్నీ ఒకేలాగుంటాయి కదా” అని
ఏసీ రిమోట్ నా చేతిలో పెట్టి
“ఇరవై నాలుగు మీద ఉంచండి, హాయిగుంటది” అన్నాడు.

ఇప్పుడా కన్నంలోంచి
ఏసీ రాగి గొట్టం పోతోంది.
కొత్త కన్నం కొట్టనివ్వలేదట.
పాత గోడ, విలువైనదట.

అర్ధరాత్రి చలికి మెలకువొచ్చి తలుపు తీస్తే
మే నెల ఉక్క మొహాన తడిగుడ్డలా పడింది.
గోడవారన ఏసీ పెట్టె
నా గదిలో వేడంతా తోడి
వరండాలోకి ఊదుతోంది.
దానికి రెండు బారల దూరంలో, చాప మీద, సత్యానందం.
రాత్రి డ్యూటీ.
చూడకూడదనుకుంటూనే కాళ్లు చూశాను.
కదలడం లేదు.
అప్పుడు గాని ఊపిరి వదల్లేదు నేను.

లోపలికొచ్చి ఏసీ కట్టేద్దామనుకున్నాను.
ఇరవై ఏడు చేశాను.
కట్టలేదు.

పొద్దున బిల్లు.
అలవాటే కదా, కూడి చూశాను,
పైసా తేడా లేదు.
ఆ అణా ఎవరి చేతిలో ఆగిపోయిందో
ఏ పద్దులో వెతకాలో తెలియలేదు.

రాజోలు బ్రాంచికి వెళ్లాలి.
సఖినేటిపల్లి పంటు మీద
మోటారుసైకిళ్ల మధ్య, కొబ్బరికాయల బస్తా మీద కూచున్నాను.
నది మధ్యకొచ్చేసరికి
ఇంజను అదురుకే కాబోలు
నా కుడికాలు ఆడుతోంది.

చేత్తో పట్టుకున్నాను.