ఆదిమ తిత్తి

హిమాయత్‌నగర్‌లో రెండో అంతస్తు.
వృక్షశాస్త్ర పదకోశం, సవరించిన కూర్పు.
ఫ్యాను గాలికి ఎగరకుండా
కాగితాల మీద స్టేప్లరూ నా కళ్లజోడు డబ్బా పెట్టి
'ఆ' దగ్గర ఆగిపోయాను.

ఆదిమ తిత్తి: నామవాచకం.
మొక్క కణంలో గోడకి లోపలివైపు
అంటుకుని ఉండే పల్చని జీవపు పొర.
పక్కనే వనజాక్షి మేడమ్ ఎర్ర సిరా:
"పాతది. ఎవరూ వాడరు. తీసేయండి."

తీసెయ్యడం నాకు వచ్చు.
పొద్దున్నుంచి పదకొండు తీసేశాను,
ఒక్కటీ గుర్తులేదు.
దీన్ని మాత్రం నేను చూశాను.

డెబ్భై తొమ్మిది, కోఠీలో మా కాలేజీ.
రియో ఆకు వెనక ఊదా పొరని
సగం విరిచిన బ్లేడుతో ఒలిచి
గాజుపలక మీద నీటిచుక్కలో పరిచి
ఒక్క మైక్రోస్కోపుకి ఏడుగురం వరుస.
నా వంతు వచ్చింది.
గదులు. శాలిబండ గల్లీలో ఇళ్లలా
గోడకి గోడ ఆనుకుని గదులు,
ప్రతి గదీ అంచుదాకా ఊదా.
తిత్తి ఏదండీ అని అడిగాను.
"గోడకి అతుక్కుని ఉందమ్మా, కనపడదు"
అనేసి లెక్చరరు గారు టీకి వెళ్లారు.
కనపడనిదానికి బొమ్మ గీసి
రికార్డులో సంతకం పెట్టించుకోవాలి మేము.

సీసాలు కడుగుతున్న యాసీన్ మియా
చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.
ఏడో తరగతి, ఉర్దూ మీడియం.
టిఫిన్ డబ్బాలో ఉప్పు నీళ్లలో కలిపి
గాజుపలకకి ఈ అంచున ఒక చుక్క,
ఆ అంచున అద్దుడు కాగితం ముక్క.
"అబ్ దేఖో అమ్మా."

గోడలు కదల్లేదు.
లోపలి ఊదా మాత్రం
ముందొక మూల విడిచింది,
తర్వాత ఇంకో మూల,
జరిగి జరిగి
నడిమధ్య ముద్దయి నిలబడింది.
ఉప్పు తగిలేదాకా
తనకో అంచుందని చెప్పలేదు.

"మష్క్ లెక్క లేదూ?" అన్నాడు మియా.
వాళ్ల తాత భిష్తీ.
మేకతోలు మష్క్ భుజానేసుకుని
సాయంత్రాలు బాటల మీద దుమ్ము అణిచేవాడట.
ఇంటింటికీ నల్లాలొచ్చాక
మష్క్‌ని మేకుకి తగిలించాడట.
ఎండిపోయి, ముడుచుకుని,
కాళ్లు కట్టిన చోట్లు తేలి
అది మళ్లీ మేకలా కనిపించేదట,
రాత్రిపూట పిల్లలు భయపడేవాళ్లట.

లాటిన్‌లో ఆ మాటకి
చిన్న తోలుసంచి అని అర్థమని
చాలా ఏళ్లకి నిఘంటువులో చూశాను.
మియా ఏ నిఘంటువూ చూడలేదు.

గోడకంటే ముందు పుట్టేది ఇదేనని
ఆదిమ అన్నారు పాతవాళ్లు.
సంచీ అనుకున్నారు, లోపలేదో ప్రాణం ఉందనుకున్నారు.
సంచీయే ప్రాణమని తెలిశాక
సంచీ అనే మాట మిగిలిపోయింది,
పెళ్లయ్యాక అద్దె గిన్నెల్లో
ఎవరిదో తెలియని గరిటెలా.

మేడమ్ చెప్పింది నిజమే.
ఈ కాలపు పిల్లలకి జీవద్రవ్యం చాలు.
పరీక్షలో తిత్తి అని రాస్తే
సున్నా చుట్టి పంపిస్తారు.

కింద ట్యాంకరు వచ్చినట్టుంది,
బిందెల చప్పుడు, ఎవరిదో వంతు తప్పిన గొడవ.
ఆ రోజు మియా చివర్న
మామూలు నీళ్లు చుక్క వేశాడు.
ఊదా మెల్లగా నాలుగు వైపులా పాకి
గోడని చేరి
మళ్లీ కనపడకుండా పోయింది.
నా రికార్డులో బొమ్మ అప్పటికే ఎండింది.

ఎర్ర గీత కింద చుక్కలు పెట్టాను,
ఉండనివ్వమని గుర్తు.
పక్కన చిన్న అక్షరాల్లో:
వాడుకలో లేదు. చూ. మష్క్.

'మ' కాగితాలు
ఇంకా నా బల్ల మీదికి రాలేదు.