తడిలో ఆరేది

మా ఉలాన్‌బాతర్ గాలి ఎలాంటిదంటే
చలికాలం ఆరేసిన చొక్కా ముందు గడ్డకడుతుంది,
ఆరడం తర్వాతి సంగతి.
పెదవి పగిలి నెత్తురొస్తే
తుడుచుకునేలోపే పొడి.

అక్కణ్ణుంచి వచ్చి
కనజావా స్టేషన్లో దిగిన రోజు వాన.
మర్నాడూ వాన.
క్లాసులో చిహాయ చెప్పింది, ఇక్కడి పెద్దలదో మాట ఉందట:
అన్నం డబ్బా మర్చిపోయినా ఫర్లేదు,
గొడుగు మర్చిపోకు.
నేను రెండూ మర్చిపోయాను.

ఉరుషి అంటే చెట్టు పాలు.
గాటు పెడితే బొట్టుబొట్టుగా ఊరి,
గాలి తగలగానే నల్లబడే పాలు.
దాని అక్షరం రాయడానికి వారం పట్టింది నాకు.
పక్కన నీళ్ళు, పైన చెట్టు,
అడుగున మళ్ళీ నీళ్ళు,
మధ్యలో గొడుగులాంటి రెండు గీతలు.
ఈ ఊరి పటమే గీశారనుకున్నాను.

మూడో రోజుకి కనురెప్పలు ఉబ్బి
లోకమంతా సన్నటి చీలికైంది.
మణికట్టు నుంచి మోచేతి దాకా దద్దుర్లు.
గోక్కోకుండా గోళ్ళకి గుడ్డ చుట్టుకుని పడుకునేదాన్ని.
రాత్రి పని చేసే దుకాణంలో మేనేజరు
మర్యాదగా, చాలా మర్యాదగా
నన్ను కౌంటరు నుంచి కోల్డ్ రూముకి మార్చాడు,
వెనకవైపు నుంచి సీసాలు సర్దే పనికి.
వారానికి ఇరవై ఎనిమిది గంటలు,
వీసా ఒప్పుకునేది అంతే.
సీసాల సందుల్లోంచి చేతులే కనిపించేవి.
టీ అందుకునే చేతులు, బీరు అందుకునే చేతులు.
ఎంత నున్నగా ఉన్నాయో అందరివీ.

మొరివాకి సెన్సే నోట్లో నా పేరు త్సొరుమొన్.
త్సొల్మొన్ అని దిద్దడం రెండో నెలలో మానేశాను.
నా మొదటి గిన్నె చూసి "ఊఁ" అన్నారాయన.
ఊఁ అంటే ఏమిటని అడిగితే
చిహాయ కాసేపు ఆలోచించి
"ఊఁ అనే" అంది.

ఆ గిన్నెని హీటరు పక్కన పెట్టాను ఆరుతుందని.
మూడు రోజులైనా వేలికి అంటుకుంటూనే ఉంది.
సెన్సే దాన్ని తీసుకుని, చెక్క బీరువా తలుపు తెరిచి
లోపలి గోడలకి నీళ్ళు చిలకరించి
తడిలో పెట్టి మూసేశారు.
మర్నాటికి గట్టిపడింది.
నేను నోరు తెరిచి చూస్తుంటే
ఆ ఏడాదిలోకెల్లా పొడుగైన ఉపన్యాసం ఇచ్చారు:
"ఇది తడిలో ఆరుతుంది."

కిటుకు తెలిసిపోయింది కదా,
తర్వాతి గిన్నెకి బీరువా అంతా తడిపేశాను.
పైపొర తొందరపడి బిగిసింది, లోపల పచ్చి.
పాల మీద మీగడలా ముడతలు.
బొగ్గు ముక్కతో తొమ్మిది రోజులు అరగదీశాను,
నా తెలివిని.

సెన్సే కుంచెలో ఉన్నది మనిషి జుట్టు.
సముద్రంలో మునిగి గవ్వలేరే ఎవరో ఆవిడదట, పేరు తెలీదు.
పెన్సిల్‌లో సీసంలా ఆ జుట్టు కర్ర పొడవునా ఉంటుంది,
అరిగినకొద్దీ చెక్కుకోవాలి.
వాళ్ళ గురువు చెక్కి, ఈయన చెక్కి
ఇప్పుడు రెండు వేళ్ళంత మిగిలింది.
ఓసారి నా చేతికిచ్చారు.
బరువేమీ లేదు. అందుకే భయమేసింది.

ఆఖరి మెరుపు కుంచెతో రాదు.
కాల్చిన జింక కొమ్ము పొడి, చుక్క నూనె,
ఇక వేలే.
ఎన్ని గంటలని అడగొద్దు.
ఒక సాయంత్రం గిన్నె అడుగున
ట్యూబులైటు కనిపించింది, తర్వాత నా ముక్కు.
ఎప్పుడు పోయాయో, దద్దుర్లు లేవు.

వేసవి సెలవులకి వెళ్ళి తిరిగొస్తుంటే
కన్సాయ్ విమానాశ్రయంలో
అద్దం మీద వేళ్ళు ఆనించమన్నాడు ఆఫీసరు.
ఎర్ర దీపం.
మళ్ళీ ఆనించాను. మళ్ళీ ఎర్ర దీపం.
"ఈ వేళ్ళతో ఏం పని చేస్తారు?"
గిన్నెలు తోముతాను అన్నాను.
నా జపనీసుకి అంతే అందింది.
అతను వీసా చూశాడు, నన్ను చూశాడు,
విద్యార్థి అన్న మాటని ఇంకోసారి చూశాడు.
ఆపైన చిన్న స్పాంజి ముక్క నా వైపు జరిపి
"కొంచెం తడి చేసుకోండి" అన్నాడు.

నవ్వు ఆగలేదు.
అతనికి ఎలా చెప్పాలో తెలీలేదు.
పచ్చ దీపం వెలిగింది.

బయట, అడగాలా, వాన.
గొడుగు లేదు.