గాలి రోజు

పుంటా అరేనాస్‌లో గాలి ముదిరిన రోజున
మున్సిపాలిటీ వాళ్లొచ్చి
వీధి మూలల్లో స్తంభానికీ స్తంభానికీ తాళ్లు కడతారు.
పట్టుకోమని ఎవరూ చెప్పరు.
నడుమెత్తున ఉంటుందది, అంతే.
టోపీ ఎగిరిపోయిన ముసలాయన పట్టుకుంటాడు,
బ్యాంకు మేనేజరు పట్టుకుంటాడు,
సిగ్గుపడినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

జలసంధి దాటించే ఫెర్రీలో నాది మోకు విసిరే పని.
ఇరవైరెండేళ్లుగా ముడులు వేస్తున్న చేతులు
మా యస్నా గది తలుపు ముందు
ఏం చెయ్యాలో తెలీక
జేబుల్లోకి పోయాయి.

పదిహేనేళ్లు దానికి.
మార్చిలో బడి తెరిచినప్పుడు బాగానే ఉంది,
తర్వాత వాలీబాల్ మానేసింది,
తర్వాతెప్పుడో, నేను గమనించనే లేదు,
జుట్టు దువ్వుకోవడం మానేసింది.
జూన్‌లో మా ఊళ్లో పదింటికి గానీ పొద్దు పొడవదు.
దాని గదిలో అప్పుడూ పొడిచేది కాదు.

"ఏం తక్కువైంది నీకు?" అన్నాను.
"నీ వయసులో నేను రోజుకు వంద గొర్రెల ఉన్ని కత్తిరించాను" అన్నాను.
(వంద కాదు. అరవై.)
"వయసురా, అదే పోతుంది" అన్నాడు మా తమ్ముడు తోమిస్లావ్
జలుబు సంగతి చెప్పినట్టు.
మా అమ్మ కొవ్వొత్తి వెలిగించి
ఏడుపు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్లింది.
అందరం దాని మేలు కోరేవాళ్లమే.
అందరం కలిసి గాలై వీచాం.

ఆసుపత్రిలో ఎవుఫేమియా బారియా అనే ఆవిడ
చిన్న కాగితం మీద ఒక ప్రశ్న రాసిచ్చింది.
"ఇది సూటిగా అడగండి.
అడిగితే లేని ఆలోచన పుడుతుందని భయపడకండి, పుట్టదు.
అడిగాక నోరు మూసుకోండి."
రెండోదే కష్టమని ఆవిడకు తెలుసనుకుంటా,
దాని కింద రెండు గీతలు గీసింది.

నాలుగు రోజులు ఆ కాగితం కోటు జేబులో
ఉప్పునీళ్లకు తడిసి, ఆరి, మళ్లీ తడిసింది.
ఐదో రాత్రి వరండాలో నేల మీద కూర్చున్నాను.
పాత మోకొకటి విప్పుకుంటూ, తలుపు వైపు చూడకుండా అడిగాను:
"చచ్చిపోవాలనిపిస్తోందా, తల్లీ?"

స్టవ్ మీద కెటిల్ మరిగి, నేను లేచి ఆపి,
మళ్లీ వచ్చి కూర్చున్నాను.
"అప్పుడప్పుడు" అంది తలుపు వెనక నుంచి.

కేప్ దగ్గర ఎనిమిది మీటర్ల అలను చూశాను.
ఆ మాటంత ఎత్తు లేదది.
ఛీ, అలా అనకని అరవాలనిపించింది.
తలుపు విరగ్గొట్టి వాటేసుకోవాలనిపించింది.
మోకు పీచు వేలికి చుట్టుకుని, బిగించుకుని,
"చెప్పావు, మంచిపని చేశావు.
నేనిక్కడే కూర్చుంటాను" అన్నాను.
తెల్లారేదాకా కూర్చున్నాను.
పదింటిదాకా అన్నమాట.

పొద్దున తలుపు కొంచెం తెరిచి అడిగింది:
"ఆవిడ దగ్గర నువ్వు లోపలికి వస్తావా?"
"నువ్వు రమ్మంటే."
"వద్దు."
"సరే, బయట ఉంటా."

ఇప్పుడు గురువారం గురువారం వెళ్తున్నాం.
నయమైందని చెప్పను.
కొన్ని రోజులు లేవదు, పళ్లెం తలుపు దగ్గరే పెడతాను.
ఒక్కోసారి ఖాళీ పళ్లెం బయటికొస్తుంది,
ఒక్కోసారి వేలితో దాని మీద రాసిన
టమాటా సాసు నవ్వు ముఖం కూడా.

సెప్టెంబరులో ఒక గురువారం, గాలి.
ఊరంతా ముందుకు వంగి నడుస్తోంది.
మూల మలుపులో నా చెయ్యి చాపబోయి
వెనక్కి తీసుకున్నాను.
అది తాడు పట్టుకుంది.
నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి ఏదో అరిచింది.
గాలి ఎత్తుకుపోయింది.
"ఏంటీ?"
"ముడి! వదులుగా ఉంది! ఇదేం ముడి, నాన్నా!"

చూశాను. నిజమే.
ఎవరో గుమాస్తా కట్టిన ముడి.
విప్పి మళ్లీ వేస్తుంటే
జుట్టంతా ముఖాన పడి
ఒక్క కన్నే కనిపిస్తూ
రెండో కొస
అది లాగి పట్టుకుంది.