మోకాలెత్తు గట్టు

పిల్లలు వెళ్ళిపోయాక, అమలాపురం కాలేజీలో
మూడో అంతస్తు ల్యాబు మాది.
నలభై మూడు కంప్యూటర్లు, మూలిగే ఏసీలు రెండు,
సుభాషిణి తెచ్చిన ఉప్మా డబ్బా.
ఉప్పెన లెక్క కడుతున్నాం:
ఓడలరేవు నుంచి అంతర్వేది దాకా తీరాన్ని
మడులు మడులుగా కోసి
మడికో అంకె.

ఈ నలభై మూడూ చాలవు.
దూరాన ఎక్కడో ఒక మహాయంత్రం
రాత్రికి ఆరు గంటలు అరువిస్తానంది.
రెంటినీ కలపడానికి దొరికిన సరంజామా మాత్రం
వేరే పనికి పుట్టింది:
ఆర్టీసీ బస్సులో పార్సిళ్ళలా
దేని దారిన అది పోయి
తీరిగ్గా తిరిగొచ్చే లెక్కలకి.

సముద్రం పార్సిలు కాదు.
ప్రతి మడీ అడుగడుక్కీ పక్క మడిని అడుగుతుంది,
"నీ మీద నీళ్ళెంత?"
జవాబు రాకపోతే అక్కడే నిలబడుతుంది.
పదిహేడో నంబరు కునుకు తీస్తే
బంగాళాఖాతమంతా ఆగిపోతుంది.

ఆగింది. మూడు రాత్రులు, మూడుసార్లు.
నాలుగోసారి వాచ్‌మన్ కరెంటు ఆదా చేశాడు.

తెల్లారి స్కూటరేసుకుని లొల్ల లాకుల దగ్గరికి పోయాను.
పనేం లేదు, నీళ్ళు కదలడం చూడాలనిపించింది.
జూన్ మొదటి వారం. కాలవకి నీళ్ళొదిలిన కొత్త.
లస్కరు ఏసుపాదం తలుపు చక్రానికి గ్రీజు పూస్తున్నాడు.
నా గోడంతా విని,
"ముందు తలుపెత్తేసి ఆనక కేకేస్తే ఎలాగండీ?
శివారు దాకా కబురెళ్ళాలి.
అందరూ సరే అన్నాకే ఎత్తాలి" అన్నాడు.
మేకుకి వేలాడే పుస్తకం చూపించాడు,
రెండు గంటలకోసారి రాసిన మట్టం.
"నేను పడిపోయినా, వచ్చేవాడు ఇక్కణ్ణించి అందుకుంటాడండి."

ఆ రెండు మాటలూ కోడ్‌లో రాయడానికి
పదకొండు రోజులు పట్టింది.
ఇప్పుడు యంత్రాలన్నీ చెయ్యెత్తితేగాని లెక్క మొదలవదు.
పక్కవాడి అంకెలు ఒక వరుస మా గట్టు మీద ముందే దాచుకుంటాం.
పావుగంటకోసారి సముద్రాన్ని
ఉన్నదున్నట్టు డిస్కు మీద పరుస్తాం.
మొన్న కరెంటు పోయింది.
వచ్చాక, అల ఎక్కడ విరగబోతూ ఆగిందో
అక్కడే విరిగింది.
సుభాషిణి కళ్ళు తుడుచుకుంది;
ఉప్మాలో కారం ఎక్కువైందంది.

ఆదివారం ఏసుపాదాన్ని పిలిచి పటం చూపించాం.
తన ఊరి మీద వేలు పెట్టాడు. అంతా నీలం.
"ఇందులో మా చేను గట్టు ఏదండీ?"
మా మడి రెండొందల మీటర్లు.
గట్టు వెడల్పు రెండడుగులు.
లేదని చెప్పాను.
"గట్టు లేకపోతే నీళ్ళు వచ్చేస్తాయి మరి" అన్నాడు,
తప్పు పట్టినట్టు కూడా కాదు.

ఎంత ఎత్తుంటుందని అడిగితే
వంగి మోకాలు తట్టాడు.
మహాయంత్రానికి మోకాలు తెలీదు.
సుభాషిణి స్కేలు పెట్టి కొలిచింది,
యాభై రెండు సెంటీమీటర్లు.

రాత్రి మళ్ళీ పంపాం.
వరుసలో మా వంతు నూట ఆరు.